రిగ్ (హామ్ రేడియో సెట్టు) ఆడియో కంప్యూటర్ మీదుగా బ్లూటూత్ స్పీకర్‌కి: నాన్న మంచం దాకా చేర్చేదెలా?

బాల్కనీ డైపోల్ (విశాఖ, ఎంవీపీ కాలనీ)
శనివారం, ఉదయం 7:40

అందరికీ నమస్కారం.

నాన్న మర్చంట్ నేవీలో రేడియో ఆఫీసర్‌గా చేసి రిటైరయ్యారు. వయసు 76. ఆయనది వీయూ2 (పై మెట్టు) హామ్ లైసెన్స్, నాది మొన్నీమధ్యే వచ్చిన వీయూ3 (కింది మెట్టు). పోయిన నెల బాత్రూంలో జారిపడితే తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది, బాగానే ఉన్నారు. కానీ మంచం దిగి రిగ్ గది దాకా నడవాలంటే ఇంకో రెండు నెలలు ఆగాలన్నారు డాక్టరుగారు.

రిగ్ వెనక బాల్కనీ పక్క గదిలో ఉంది. నాన్న మంచం ముందు గదిలో. మధ్యలో హాలు, వంటగది గోడ, ఒక ఇనుప బీరువా. పొద్దున్నే 40 మీటర్ల బ్యాండ్ (7 మెగాహెర్ట్జ్) మీద నాలుగు గొంతులు, ఆ పైన బ్యాండ్ కింది కొసన కాసేపు మోర్స్ వినందే ఆయనకి కాఫీ సయించదు. నెల రోజులుగా గోడకేసి చూస్తూ పడుకుంటున్నారు.

నేను చేసింది ఇదీ: రిగ్ వెనకున్న స్పీకర్ జాక్ నుంచి ల్యాప్‌టాప్ మైక్ జాక్‌కి ఒక వైరు. విండోస్‌లో మైక్ ప్రాపర్టీస్‌కి వెళ్లి 'లిసన్' అనే ట్యాబ్‌లో టిక్ పెట్టి, బ్లూటూత్ స్పీకర్‌ని ఎంచుకున్నాను. మాట వస్తోంది. కానీ పగిలిన కుండలోంచి వచ్చినట్టు వస్తోంది. వెనకాల ఒకటే 'బూం' మోత. ఎవరైనా హాల్లో అటూ ఇటూ నడిస్తే తెగిపోతోంది. నాన్న రెండు నిమిషాలు విని, "ఆపెయ్ రా, తుఫానులో ఓడ ఎక్కినట్టుంది" అన్నారు.

ఎక్కడ తప్పు చేస్తున్నాను?

గాజువాక 40
శనివారం, ఉదయం 8:05

ఏటి తమ్ముడూ, ఇంత గొడవెందుకు? పదిహేను మీటర్ల స్పీకర్ వైరు కొను. నాన్నగారి తలగడ పక్కన మామూలు స్పీకర్ డబ్బా పెట్టు. అయిపోయింది. బ్లూటూత్ లేదు, విండోస్ లేదు, ఛార్జింగూ లేదు.

బాల్కనీ డైపోల్
శనివారం, ఉదయం 8:20

అన్నా, మొదట అదే అనుకున్నా. అమ్మ ఒప్పుకోలేదు. "ఒక మనిషి జారిపడ్డాడు, నువ్వు హాలుకి అడ్డంగా వైరు పరుస్తానంటావా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. పైగా సాయంత్రం వీల్‌చైర్‌లో ముందు బాల్కనీలోకి తీసుకెళ్తాం. స్పీకర్ కూడా ఆయనతో వెళ్లాలి.

పాత టంకం (అక్కయ్యపాలెం)
శనివారం, ఉదయం 9:15

అమ్మగారు చెప్పింది సబబు. నీ మూడు జబ్బులకీ మూడు వేర్వేరు మందులు, కలిపి చూడకు.

ముందు పగిలిన గొంతు సంగతి. స్పీకర్ జాక్‌లో వచ్చేది స్పీకర్‌ని మోగించడానికి సరిపడే వోల్టేజీ. మైక్ జాక్ ఎదురుచూసేది కొన్ని మిల్లీవోల్టులు. గ్లాసులో నీళ్లు పట్టడానికి ఫైరింజను పైపు పెట్టావు. రిగ్ వాల్యూమ్ ఎంత తగ్గించినా, మైక్ బూస్ట్ ఆన్‌లో ఉంటే పగులుతూనే ఉంటుంది. అలా తగ్గించి నెట్టుకొచ్చావే అనుకో, ఎవరో వచ్చి నాబ్ తిప్పితే మళ్లీ మొదటికొస్తుంది.

నీ రిగ్ వెనక గుండ్రంగా, చిన్న చిన్న 6 పిన్నులతో 'డేటా' అని రాసిన జాక్ ఉందా? ఉంటే అక్కణ్నుంచి తీసుకో. ఆ ఆడియో లెవెల్ వాల్యూమ్ నాబ్‌తో మారదు. రిగ్ స్పీకర్‌ని పూర్తిగా మూసేసినా అక్కడ అంతే వస్తుంది. పిన్ 5 ఆడియో, పిన్ 2 గ్రౌండ్. పిన్ 3 పీటీటీ (ట్రాన్స్‌మిట్ మీట), దాన్ని ముట్టుకోకు. అది గ్రౌండ్‌కి తగిలిందంటే రిగ్ ట్రాన్స్‌మిట్‌లోకి పోతుంది.

ల్యాప్‌టాప్ మైక్ జాక్ కూడా వదిలెయ్. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో హెడ్‌ఫోన్, మైక్ రెండూ ఒకే రంధ్రంలో ఉంటాయి. మామూలు ప్లగ్గు పెడితే మైక్ కాంటాక్ట్ గ్రౌండ్‌కి షార్ట్ అవుతుంది. చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనుక్కో, కొన్ని వందల్లో వస్తుంది. బూస్ట్ తీసేసి, రికార్డింగ్ లెవెల్ పది శాతం నుంచి మొదలుపెట్టి పెంచుకుంటూ వెళ్లు.

బాల్కనీ డైపోల్
శనివారం, ఉదయం 9:50

ఉందండీ, డేటా జాక్ ఉంది! కానీ ఆ ప్లగ్గు ఎక్కడ దొరుకుతుంది? నిన్న జగదాంబ దగ్గర రెండు షాపుల్లో అడిగితే నా మొహం చూశారు.

పాత టంకం
శనివారం, ఉదయం 10:10

పాత కంప్యూటర్ కీబోర్డు గానీ మౌస్ గానీ అటక మీద పడి ఉంటుంది, చూడు. ఊదారంగు లేదా ఆకుపచ్చ గుండ్రటి ప్లగ్గున్న రకం. అచ్చం అదే ఆకారం, సరిగ్గా దూరుతుంది.

ఒక తిరకాసు ఉంది. కీబోర్డుకి 1, 3, 4, 5 పిన్నులే కావాలి కాబట్టి చాలా కేబుళ్లలో 2, 6 పిన్నులకి వైరే ఉండదు. నీకేమో గ్రౌండ్ కోసం 2 కావాలి. అప్పుడు ప్లగ్గు బయటి లోహపు కవచం నుంచి వచ్చే జాలీ తీగని గ్రౌండ్‌గా వాడుకో. కత్తిరించాక మల్టీమీటర్ బీప్ పెట్టి ఏ రంగు ఏ పిన్నుకి వెళ్తోందో రాసుకో. రంగుల్ని నమ్మొద్దు. ఒక్కో తయారీదారుడిది ఒక్కో రంగు. నేను నమ్మి, మధ్యాహ్నమంతా పోగొట్టుకున్నాను.

కొత్త శ్రోత (మధురవాడ)
శనివారం, ఉదయం 10:30

మధ్యలో వస్తున్నందుకు సారీ. నాకింకా లైసెన్స్ లేదు, కాలేజీ స్టూడెంట్‌ని. ఆర్‌టీఎల్ డాంగిల్ (యూఎస్‌బీలో పెట్టే చిన్న రిసీవర్) ఉంటే ఈ ప్లగ్గుల గొడవే ఉండదు కదా? ఆడియో ముందే కంప్యూటర్‌లో ఉంటుంది, ఔట్‌పుట్ దగ్గర బ్లూటూత్ స్పీకర్‌ని ఎంచుకుంటే చాలు. నేను ఎస్‌డీఆర్ ప్లస్ ప్లస్ అనే ప్రోగ్రామ్‌లో అలాగే వింటున్నా.

ఒక్కటే చిక్కు. 2 మీటర్ల ఎఫ్‌ఎంలో ఎవరైనా మొదలుపెడితే మొదటి మాట వినపడదు. "...గుడ్ మార్నింగ్" అని మధ్యలోంచి వస్తుంది. కాల్ సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) ఎప్పుడూ మిస్సే.

లైనక్స్ లంక (గోపాలపట్నం)
శనివారం, ఉదయం 11:00

కొత్త శ్రోతా, నీ స్పీకర్ నిద్రపోతోంది. స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు రొదని ఆపేది) మూసుకుంటే కంప్యూటర్ నుంచి వెళ్లేది అచ్చమైన నిశ్శబ్దం. కాసేపు అలా ఉంటే స్పీకర్ బ్యాటరీ ఆదా కోసం లోపలి యాంప్లిఫయర్ ఆపేస్తుంది. మళ్లీ శబ్దం రాగానే లేచేలోపు కాల్ సైన్ వెళ్లిపోతుంది. స్క్వెల్చ్‌ని కొంచెం తెరిచి, సన్నని గరగర ఎప్పుడూ ఉండేలా పెట్టు. లేదంటే వెనకాల చెవికి అందనంత చిన్న శబ్దాన్ని ఆగకుండా ప్లే చెయ్యి. 40 మీటర్లలో ఈ బాధ లేదు, బ్యాండ్ రొదే ఎప్పుడూ స్పీకర్‌ని మేల్కొలిపి ఉంచుతుంది.

డాంగిల్ విషయం: మామూలు ఆర్‌టీఎల్ డాంగిల్ ట్యూనర్ 24 మెగాహెర్ట్జ్ కంటే కిందికి దిగదు. 7 మెగాహెర్ట్జ్ వినాలంటే డైరెక్ట్ శాంప్లింగ్ (ట్యూనర్‌ని దాటేసి నేరుగా తీసుకోవడం) అన్నా ఉండాలి, అప్‌కన్వర్టర్ (ఫ్రీక్వెన్సీని పైకి జరిపేది) అన్నా ఉండాలి. డైరెక్ట్ శాంప్లింగ్ పెట్టావంటే మన ఊళ్లో 927 కిలోహెర్ట్జ్ ఆకాశవాణి వచ్చి నెత్తిన కూర్చుంటుంది. ఫిల్టర్ లేకపోతే 40 మీటర్లలో కూడా అదే వినిపిస్తుంది. ఇంకో మాట, ట్రాన్స్‌మిట్ చేసే రిగ్ యాంటెన్నాకే డాంగిల్‌ని కూడా తగిలించొద్దు. మోర్స్ కీ ఒక్క నొక్కుతో డాంగిల్ బూడిదే.

గాజువాక 40
శనివారం, ఉదయం 11:15

నేను మొన్న భీమిలి బీచ్‌లో చిన్న రేడియో పెట్టి 927ని

నిర్వాహకుడు
శనివారం, ఉదయం 11:20

గాజువాక గారూ, మీ పోస్టు సగంలో తెగింది. మీడియం వేవ్ ముచ్చట్లకి వేరే చర్చ ఉంది, దయచేసి అక్కడ రాయండి. ఇక్కడ పెద్దాయన స్పీకర్ సంగతి తేలనివ్వండి.

ఉప్పుగాలి (పెదవాల్తేరు)
శనివారం, మధ్యాహ్నం 1:30

డైపోల్ బాబూ, నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు. ఆయన చేతిరాత, అదే మోర్స్ కీ మీద చెయ్యి ఆడే తీరు, నాకు బాగా తెలుసు. 'సీ' అక్షరంలో రెండో డా (మోర్స్‌లో పొడుగు మోత డా, పొట్టిది డిట్) కొంచెం సాగదీస్తారు. నెల నుంచి వినపడకపోతే ఊరెళ్లారేమో అనుకున్నా.

'బూం' మోత గురించి. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడిపి చూడు. మోత పోయిందంటే అది గ్రౌండ్ లూప్. రిగ్ పవర్ సప్లై ఒక దారిన ఎర్త్ అవుతుంది, ఛార్జర్ ఇంకో దారిన. రెండింటినీ నీ ఆడియో వైరు కలిపింది. ఆ చుట్టులో తిరిగే 50 హెర్ట్జ్ కరెంటే నీకు వినపడే బూం. 600 ఓమ్‌లకి 600 ఓమ్‌ల చిన్న ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ మధ్యలో పెట్టు. శబ్దం దాటుతుంది, కరెంటు దారి తెగుతుంది. పాత ఫోన్ మోడెమ్ కార్డు దొరికితే అందులోనే అలాంటిది ఉంటుంది. సౌండ్ కార్డు మైక్ వైపు సన్నగా డీసీ ఉంటుంది కాబట్టి, అటువైపు 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి వరసలో వెయ్యి.

ఇంకో సంగతి. డేటా జాక్ నుంచి తీసుకోమని టంకం గారు చెప్పినందుకు నేను సంతోషించిన కారణం వేరే. స్పీకర్ జాక్‌లో ప్లగ్గు పెడితే రిగ్ సొంత స్పీకర్ మూగబోతుంది. డేటా జాక్ అయితే రెండూ నడుస్తాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చిన రాత్రి కరెంటు లేదు, ఫోన్లు లేవు, మా వీధిలో చెట్లన్నీ నేలమీద ఉన్నాయి. కారు బ్యాటరీ మీద రిగ్ పెట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు నా ఆడియో ల్యాప్‌టాప్ మీదుగానో, ఛార్జింగ్ పెట్టుకునే స్పీకర్ మీదుగానో వచ్చేదైతే రెండో రోజుకే చెవిటివాణ్నయ్యేవాణ్ని. ఎన్ని హంగులు తగిలించుకున్నా, 12 వోల్టులు ఇస్తే రిగ్ తనంతట తాను మాట్లాడాలి.

బాల్కనీ డైపోల్
ఆదివారం, సాయంత్రం 6:45

అప్‌డేట్. అటక మీద పాత మౌస్ దొరికింది. నిజంగానే 2వ పిన్నుకి వైరు లేదు! జాలీ తీగే గ్రౌండ్. ట్రాన్స్‌ఫార్మర్ పూర్ణా మార్కెట్ వైపు ఒక రిపేరు షాపాయన పాత మోడెమ్ లోంచి పీకి ఇచ్చారు, డబ్బులు తీసుకోలేదు. యూఎస్‌బీ సౌండ్ కార్డు పెట్టాను. లెవెల్ 14 శాతం.

గొంతు శుభ్రం. బూం పోయింది. నాన్న కళ్లు మూసుకుని పావుగంట విన్నారు. తర్వాత, "ఈ డబ్బాలో కింద ఏదో ఉరుముతోంది, పైన పాము బుసకొడుతోంది. మధ్యలో మనిషి దొరకడం లేదు" అన్నారు. తెగిపోవడం కూడా అలాగే ఉంది.

లైనక్స్ లంక
ఆదివారం, రాత్రి 8:10

నాన్నగారి చెవికి దండం. ఆ స్పీకర్ సినిమా పాటల కోసం తయారైంది. కింద బేస్ పెంచుతారు, పైన తళతళ పెంచుతారు. మన ఎస్‌ఎస్‌బీ (హామ్‌లు మాట పంపే పద్ధతి) గొంతు సుమారు 300 నుంచి 2700 హెర్ట్జ్ మధ్యలోనే ఉంటుంది. మిగతాదంతా రొదే, స్పీకర్ దాన్నే ముద్దుచేస్తోంది. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ అని ఉచితంగా దొరుకుతుంది. బ్లూటూత్ స్పీకర్‌ని ఎంచుకుని 300 కింద, 2800 పైన నరికెయ్. మోర్స్ వినేటప్పుడు రిగ్‌లో సన్నటి ఫిల్టర్ వేస్తే చాలు.

తెగిపోవడం: బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది. మీ అపార్ట్‌మెంట్‌లో ప్రతి ఫ్లాట్ వైఫై అక్కడే, నీ మైక్రోవేవ్ కూడా అక్కడే. 79 ఛానళ్ల మధ్య సెకనుకి 1600 సార్లు గెంతుతూ ఎలాగో నెట్టుకొస్తుంది గానీ, ఇనుప బీరువాని దాటలేదు. మనిషి ఒళ్లంతా నీళ్లే కాబట్టి మనిషి అడ్డొచ్చినా కొంత మింగేస్తాడు. ల్యాప్‌టాప్ లోపలి బ్లూటూత్ వదిలేసి, ఒక యూఎస్‌బీ బ్లూటూత్ డాంగిల్‌ని మూడు మీటర్ల ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో గది గుమ్మం పైకి చేర్చు, నాన్నగారి మంచం అక్కణ్నుంచి కనపడేలా. నీలిరంగు యూఎస్‌బీ 3 పోర్టు పక్కన మాత్రం పెట్టకు, ఆ పోర్టులే 2.4 దగ్గర రొద చేస్తాయి.

విజిల్ (ఉక్కునగరం)
ఆదివారం, రాత్రి 9:00

ఇంకోటి చూసుకోండి. విండోస్‌లో ఆ స్పీకర్ పేరు రెండుసార్లు కనిపిస్తే 'స్టీరియో' అన్నదే ఎంచుకోండి, 'హ్యాండ్స్‌ఫ్రీ' అన్నది వద్దు. రెండోది ఫోన్ క్వాలిటీ, మహా ఘోరం.

పాత టంకం
ఆదివారం, రాత్రి 9:25

విజిల్ గారూ, పాటలకైతే ఒప్పుకుంటాను. మనకి అది శాపమేమీ కాదు. హ్యాండ్స్‌ఫ్రీ శాంప్లింగ్ 8 లేదా 16 కిలోహెర్ట్జ్. మన గొంతేమో 2.7 దగ్గరే ఆగిపోతుంది. టెలిఫోన్ గొట్టంలో పట్టేదే మనం పంపుతున్నాం, ఇక పోయేదేముంది? పైగా మాటలకోసం చేసిన దారి కాబట్టి అందులో ఆలస్యం తక్కువ. స్టీరియో దారిలో స్పీకర్‌ని బట్టి 150 నుంచి 300 మిల్లీసెకన్ల దాకా వెనకబడుతుంది.

విజిల్
ఆదివారం, రాత్రి 9:40

లెక్క ఒప్పుకుంటా, చెవి ఒప్పుకోదు. 8 కిలోహెర్ట్జ్ రకంలో బ్యాండ్ రొద ఇసుక నమిలినట్టు ఉంటుంది. వినేవాడికి ఆలస్యంతో పనేముంది? అవతలివాడు పావు సెకను ముందు అన్నాడా వెనక అన్నాడా ఎవరికి తెలుస్తుంది?

పాత టంకం
ఆదివారం, రాత్రి 9:45

వినడమే అయితే మీరే రైటు. మైక్ పట్టుకున్నప్పుడు తెలుస్తుంది.

గాజువాక 40
ఆదివారం, రాత్రి 10:05

మైక్ అంటే గుర్తొచ్చింది. ఇది రాయాలంటే సిగ్గుగానే ఉంది, అయినా పది మందికి పనికొస్తుంది. నా కొత్త రిగ్‌కి యూఎస్‌బీ ఒకటే కేబుల్, ఆడియో దానిలోనే వస్తుంది, దానిలోనే వెళ్తుంది. విండోస్‌కి అది ఒక సౌండ్ కార్డులా కనపడుతుంది. కేబుల్ పెట్టగానే విండోస్ నన్నడక్కుండా దాన్నే డీఫాల్ట్ స్పీకర్ చేసేసుకుంది. నేనేమో డేటా మోడ్‌లో వాక్స్ (శబ్దం రాగానే తనంతట తానే ట్రాన్స్‌మిట్ చేసేది) ఆన్ చేసి, టీ తాగడానికి వెళ్లాను.

వచ్చి చూస్తే నెట్‌లో (హామ్‌లంతా రేడియో మీద కలిసే చోట) ఒక పెద్దాయన ఓపిగ్గా అడుగుతున్నారు: "గాజువాక స్టేషన్, మీ ఇంటి కాలింగ్ బెల్ పావుగంట నుంచి మోగుతోంది, తలుపు తీయండి." వాట్సాప్‌లో మా బావమరిది పంపిన ప్రతి గుడ్ మార్నింగ్ బొమ్మకీ నా కంప్యూటర్ 'టింగ్' అంది. ఆ టింగ్‌కి వాక్స్ లేచి, 40 మీటర్ల మీద దేశమంతా వినిపించింది.

కాబట్టి తమ్ముడూ, డీఫాల్ట్ స్పీకర్‌గా ల్యాప్‌టాప్‌ది గానీ బ్లూటూత్‌ది గానీ ఉంచు. రిగ్ సౌండ్ కార్డుని మాత్రం ఎప్పుడూ కాదు. విండోస్ శబ్దాలన్నీ 'నన్' (ఏదీ వద్దు) చేసెయ్.

కొత్త శ్రోత
ఆదివారం, రాత్రి 10:10

నవ్వలేక చస్తున్నా అన్నా

బాల్కనీ డైపోల్
బుధవారం, రాత్రి 9:30

డాంగిల్ గుమ్మం పైకెక్కింది, బీరువా ఓడిపోయింది. ఈక్వలైజర్‌తో పాము కూడా వెళ్లిపోయింది. స్టీరియో, హ్యాండ్స్‌ఫ్రీ రెండూ పెట్టి చూపిస్తే నాన్న స్టీరియోకే ఓటేశారు. విజిల్ గారు గెలిచారు.

ఇప్పుడు కొత్త బాధ. పొద్దున బాగుంటుంది. రెండు మూడు గంటలయ్యేసరికి ఉండుండి 'టక్' మని చిటికె వేసినట్టు శబ్దం. అదీ గాక, రిగ్ స్పీకర్‌కీ బ్లూటూత్‌కీ మధ్య ఎడం పొద్దున కంటే మధ్యాహ్నానికి పెరిగినట్టుంది. నా భ్రమా?

లైనక్స్ లంక
బుధవారం, రాత్రి 10:20

భ్రమ కాదు. సౌండ్ కార్డుకి ఒక గడియారం, స్పీకర్‌కి ఇంకో గడియారం. రెండూ సెకనుకి 48,000 శాంపిళ్లు అంటాయి, కానీ ఏ రెండు క్రిస్టళ్లూ ఒక్కలా ఉండవు. సౌండ్ కార్డు సెకనుకి రెండే రెండు శాంపిళ్లు ఎక్కువ ఇస్తోందనుకో. గంటకి 7,200 మిగిలిపోతాయి. అంటే 150 మిల్లీసెకన్ల సరుకు మధ్యలో బఫర్‌లో పేరుకుపోయింది. ఏదో ఒక క్షణాన బఫర్ నిండి కొంత పారబోస్తుంది, అదే నీ టక్. గడియారాల తేడా తిరగబడి ఉంటే బఫర్ ఖాళీ అయి, అప్పుడూ టక్కే.

విండోస్ 'లిసన్' టిక్‌కి ఈ తెలివి పెద్దగా లేదు. చౌక మందు: రోజుకి రెండుసార్లు టిక్ తీసి మళ్లీ పెట్టడం. వాయిస్‌మీటర్ లాంటి మిక్సర్ పెట్టుకుంటే కొంత మేలు. నా మాట వింటే పాత ల్యాప్‌టాప్‌లోనో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లోనో లైనక్స్ వెయ్యి. అందులో ఆడియోని నడిపే పైప్‌వైర్ ఈ రెండు గడియారాల తేడాని కనిపెట్టి, చెవికి తెలియకుండా శాంపిళ్లని సాగదీస్తూ కుదిస్తూ సర్దుకుపోతుంది. క్యూపీడబ్ల్యూగ్రాఫ్ అనే ప్రోగ్రామ్ తెరిస్తే ఎడమవైపు సౌండ్ కార్డు, కుడివైపు స్పీకర్ పెట్టెల్లా కనపడతాయి. మౌస్‌తో ఒకదాన్నుంచి ఇంకోదానికి తీగ లాగడమే.

బాల్కనీ డైపోల్
శుక్రవారం, రాత్రి 8:50

లంక గారూ, పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వేశాను. నిన్న పొద్దున పెట్టింది ఇప్పటికీ ఒక్క టక్ లేదు.

కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ వినడం మొదలెట్టాక నాన్నకి చెయ్యి ఊరుకుంటుందా? ఇవాళ "కీ తీసుకురా" అన్నారు. ఓడ మీద నుంచి తెచ్చుకున్న ఇత్తడి కీ అది. ల్యాన్ కేబుల్ ముక్క మిగిలి ఉంటే, దాంతో తాత్కాలికంగా రిగ్ దాకా కలిపాను. ఆయన పిలిచారు. నా గుండె జారిపోయింది. యాభై ఏళ్లు కీ కొట్టిన మనిషి, తన కాల్ సైన్ తనే తప్పు కొట్టారు. మూడుసార్లు. కీ పక్కన పెట్టేసి అటు తిరిగి పడుకున్నారు. ఆపరేషన్ మందుల వల్ల చెయ్యి వణుకుతోందేమోనని అమ్మ టెన్షన్ పడుతోంది.

పాత టంకం
శుక్రవారం, రాత్రి 9:00

చేతికేం కాలేదు! అమ్మగారికి ఇప్పుడే చెప్పు. కీ నొక్కినప్పుడు ఆయన వింటున్న టోన్ ఎక్కడిది? బ్లూటూత్ స్పీకర్‌లోంచేగా?

బాల్కనీ డైపోల్
శుక్రవారం, రాత్రి 9:02

అవునండీ. రిగ్ సైడ్‌టోన్ (మనం కీ నొక్కితే మనకి వినపడే మోత) కూడా దానిలోకే వస్తోంది.

పాత టంకం
శుక్రవారం, రాత్రి 9:20

అదీ సంగతి. మోర్స్‌లో ఒక డిట్ నిడివి తెలియాలంటే 1200ని వేగంతో భాగించాలి. నాన్నగారు నిమిషానికి 18 మాటలు కొడతారనుకుంటే డిట్ 67 మిల్లీసెకన్లు, డా 200. నీ స్పీకర్ ఆలస్యం కూడా దాదాపు 200. అంటే ఆయన ఒక డా మొత్తం కొట్టి చెయ్యి ఎత్తాక ఆ డా వినపడడం మొదలవుతోంది. చెయ్యి ఒక అక్షరంలో, చెవి ఇంకో అక్షరంలో. ఎంత అనుభవం ఉంటే అంత ఎక్కువ తడబడతారు, ఎందుకంటే అనుభవం ఉన్నవాడు చెవితోనే కొడతాడు. మాటకీ ఇంతే: మన గొంతు మనకే కాస్త ఆలస్యంగా వినపడితే నత్తి వచ్చేస్తుంది.

వైఫై స్పీకర్లు కొందామని ఎవరైనా అంటారేమో, అవి ఇంకా ఘోరం. ఒక గదికీ ఇంకో గదికీ పొంతన కుదరడానికి సెకను, రెండు సెకన్లు దాచుకుని మరీ వినిపిస్తాయి. పాటలకీ, రేడియో వినడానికీ అవి సరే. కీ కొట్టేవాడికి ఏ వైర్‌లెస్సూ పనికిరాదు.

గాజువాక 40
శుక్రవారం, రాత్రి 9:30

నాదొక బుర్రతక్కువ ప్రశ్న. కీ కోసం ల్యాన్ కేబుల్ ఎలాగూ మంచం దాకా వెళ్లింది. అందులో ఎనిమిది తీగలున్నాయి, కీ వాడుకున్నది రెండు. మిగతా ఆరూ ఏం చేస్తున్నాయి?

ఉప్పుగాలి
శుక్రవారం, రాత్రి 9:45

బుర్రతక్కువ ప్రశ్న కాదయ్యా, మొత్తం చర్చలో ఇదే అసలు ప్రశ్న. ఒక జత కీకి, ఇంకో జత రిగ్ హెడ్‌ఫోన్ జాక్‌కి. నాన్నగారు కీ పట్టుకున్నప్పుడు హెడ్‌ఫోన్ పెట్టుకుంటారు, ఆలస్యం సున్నా. కీ పెట్టేశాక హెడ్‌ఫోన్ తీసేసి నీ బ్లూటూత్. జతలు మెలితిప్పి ఉంటాయి కాబట్టి ఒకదాని గోల ఇంకోదానికి పెద్దగా అంటదు.

కేబుల్ నేలమీద కాదు, గుమ్మం పైనుంచి, గోడ అంచున క్లిప్పులు కొట్టి తీసుకెళ్లు. ఎవరి కాలికీ తగలదు, అమ్మగారూ ఒప్పుకుంటారు. రిగ్ వైపు కొసని ఫెరైట్ రింగులో (రేడియో రొదని ఆపే నల్లటి రింగు) ఐదారు చుట్లు చుట్టు. అంత పొడవు తీగ నీ బాల్కనీ డైపోల్ యాంటెన్నాకి చుట్టమైపోతుంది, ట్రాన్స్‌మిట్ చేసినప్పుడు ఆర్‌ఎఫ్ (రేడియో తరంగాల కరెంటు) లోపలికొస్తుంది. యూఎస్‌బీ సౌండ్ కార్డు కేబుల్‌కీ అదే పని చెయ్యి.

గాజువాక 40
శుక్రవారం, రాత్రి 9:50

మొదటిరోజే వైరు అన్నాను. రాసి పెట్టుకోండి :)

బాల్కనీ డైపోల్
ఆదివారం, ఉదయం 8:35

క్లిప్పులు అమ్మే పట్టుకుని నిలబడింది, నేను కొట్టాను. నిన్న రాత్రికి అయింది.

ఇవాళ పొద్దున 6:45. ముందు గదిలో ఆయన ఓడ రేడియో రూము గడియారం ఒకటుంటుంది, 15 నుంచి 18, 45 నుంచి 48 నిమిషాల మధ్య ఎర్రరంగు పూసి ఉంటుంది. ఆ మూడు నిమిషాలూ ఓడలన్నీ 500 కిలోహెర్ట్జ్‌లో నోరు మూసుకుని ఆపద పిలుపులేమైనా ఉన్నాయేమో వినాలి. 1999 ఫిబ్రవరి 1తో ఆ పద్ధతే పోయింది గానీ, నాన్నకి పోలేదు. హెడ్‌ఫోన్ పెట్టుకుని, ముల్లు ఎర్రగీత దాటేదాకా ఆగి, 6:48కి కీ మీద చెయ్యి వేశారు. ఒక్క తప్పు లేదు. రెండో పిలుపుకే ఎవరో జవాబిచ్చారు. నేను మోర్స్‌లో అంత వేగం పట్టలేను, ఎవరని అడిగితే చెప్పకుండా నవ్వుతున్నారు.

ఉప్పుగాలి
ఆదివారం, ఉదయం 8:50

ఎవరో ఏమిటయ్యా, నేనే. ఎంవీపీ నుంచి పెదవాల్తేరుకి 40 మీటర్ల మీద మాట్లాడుకున్నాం, డాబా ఎక్కి కేకేసినా వినపడేంత దూరం. 'సీ'లో రెండో డా ఇంకా సాగుతూనే ఉంది. ఆస్పత్రి తిండి గురించి చాలా ఘాటుగా పంపారు, అదిక్కడ రాయను.

కొత్త శ్రోత
ఆదివారం, ఉదయం 9:10

ఆర్‌టీఎల్ డాంగిల్‌లో డైరెక్ట్ శాంప్లింగ్ పెట్టి నేనూ విన్నాను అనుకుంటా! 6:50 ప్రాంతంలో రెండు గట్టి సిగ్నల్స్. ఏం మాట్లాడుకున్నారో అర్థం కాలేదు. ఆ ఫెరైట్ రింగులు ఎక్కడ దొరుకుతాయండీ? నాక్కూడా యూఎస్‌బీ కేబుల్‌లో గరగర ఉంది.

గాజువాక 40
ఆదివారం, ఉదయం 9:15

కొనకు. పాత మానిటర్ వీజీఏ కేబుల్ కొసన నల్లటి ముద్దలా ఉంటుందే, అదే. నా దగ్గర నాలుగున్నాయి. మద్దిలపాలెం వైపు వస్తే ఒక మెసేజ్ పెట్టు.